కప్ప కారు, మా ఉస్తాద్ కుడిచెయ్యి

మా మనుమని దోస్తులు వచ్చినప్పుడల్ల నన్ను అడుగుతరు, "తాతా, వర్క్‌షాపుల గన్నేండ్లు చేసినవు గదా, అన్నిటికన్న పెద్ద పని ఏం చేసినవు?" అని. వాళ్ల మనసుల ఏమున్నదో నాకెర్కనే. బొగ్గుబాయిలకు దింపిన పెద్ద పంపు ముచ్చటనో, బొగ్గు టబ్బులను గుంజే కొండంత హాలేజీ ఇంజను ముచ్చటనో చెప్తనని చూస్తరు. అవన్నీ చేసిన. మంచిగనే చేసిన. నా పనికి వంక పెట్టినోడు మా షాపుల లేడు. పెట్టినోడు ఒక్కడే, ఆయన ముచ్చటనే ఇది. నాకు యాదికొచ్చేది పంపు గాదు, ఇంజను గాదు, పిడికిట్ల పట్టే నాలుగు రబ్బరు బుష్‌లు.

"గింతేనా?" అని నవ్వుతరు పోరగాళ్లు. నవ్వుండ్రి. మీకు బండి చెడిపోతే షోరూముల ఇచ్చి చాయ తాగుడే తెలుసు.

బుష్ అంటే ఏందో తెల్వనోళ్లకు జర చెప్త. కారు ముందటి చక్రం ఒక ఇనుప చెయ్యికి ఉంటది. ఆ చెయ్యి కారు చట్రానికి అతికేకాడ కీలు ఉంటది, మన భుజం లెక్క. గుంత వచ్చినప్పుడు చక్రం పైకి లేస్తది, కిందికి దిగుతది. ఇనుముకు ఇనుము తాకకుండ ఆ కీలుల రబ్బరు గొట్టం పెడ్తరు. గదే బుష్. అది అరిగిందంటే గుంత గుంతకు టక్కు టక్కు మంటది, స్టీరింగు వణుకుతది, బండి నువ్వు అన్న దిక్కు పోక అది అనుకున్న దిక్కు పోతది. గింత తెలిస్తే చాలు.

డెబ్బైలల్ల మాట. గోదావరిఖనిల ఒక బాయి ఎన్క ఒక బాయి తవ్వుకుంట పోతున్న కాలం. మా షాపు అంటే పైన రేకులు, కింద నూనె తాగి తాగి నల్లబడ్డ నేల. ఎండకాలం ఆ రేకుల కింద నిలబడితే పాణం పోయేది. అయినా బాయి దిగేటోళ్లు మమ్ముల చూసి "మీకేంది, ఎండ చూస్కుంట పనిచేస్తరు" అనేటోళ్లు. నేను గూడ కమాన్‌పూర్ దిక్కు పల్లెల ఎవుసం ఇడిసిపెట్టి, కొన్నేండ్లు బాయిల బొగ్గు నింపి, అటెన్క షాపులకు వచ్చినోణ్ణే. ఆ మాట సహీ అని నాకెర్క.

మా జట్టుల ముగ్గురం. నేను ఫిట్టర్. లేతు మీద పనిచేసే టర్నరు ఒకాయన, ఆయనను షాపంత బావా అనే పిలుస్తుండె. ఎవలికి బావనో ఆయనకే తెల్వది. మా ఇద్దరి మీద హెడ్ ఫిట్టర్, మా ఉస్తాద్. ఆయన తాతల నాటి నుంచి బొగ్గుబాయి మనిషి. ఆదివారం తెల్లబట్టలు తొడుక్కొని చర్చిల పాస్టర్ ప్రసంగం ఇనేటోడు. సోమవారం పొద్దుగాల నుంచి శనివారం సైరన్ కూసేదాక ఆయన ప్రసంగం మేము ఇనేటోళ్లం. పని సక్కగ లేకపోతే నోటికొచ్చినట్టు తిట్టేది. పని సక్కగ ఉంటే ఏమీ అనకపొయ్యేది. ఆయన ఏమీ అనలేదంటే మాకు పండుగనే.

అట్లాంటి మనిషికి కుడిచెయ్యి పోయింది. పోయిందంటే తెగిపోలేదు. ఒకనాడు పంపు లేపుతుంటే గొలుసు జారి మణికట్టు మీద పడ్డది. ఎముక ఇరిగింది. కంపెనీ దవాఖాన అవతలి రోడ్డుకే ఉండె, గని ఉస్తాద్ ఆడికి పోనన్నడు. ఎందుకంటే, దవాఖానల పేరు ఎక్కిందంటే మెడికల్ బోర్డు కాడికి పంపుతరు, బోర్డు అన్‌ఫిట్ రాసిందంటే ఇంటికే అని మా అందరికి భయం. అందుల నిజమెంతో అబద్ధమెంతో నాకు తెల్వదు. భయం మాత్రం నిజం. ఉద్యోగం పోతే కంపెనీ క్వార్టర్ పోతది, పిల్లల బడి పోతది. అందుకని దెబ్బ తాకినోడు దవాఖాన ముంగట నుంచే సైకిల్ తొక్కుకుంట పోయి, ఊళ్లల్ల కట్లు కట్టేటోళ్ల కాడ కట్టిచ్చుకునేది. మా ఊరి దిక్కు అట్లాంటి ముసలాయన ఒకడు ఉండె. నేనే ఉస్తాద్‌ను తీస్కపోయిన. ఆయన కోడిగుడ్డు తెల్లసొన పూసి, ఎదురుబద్దలు పెట్టి, చెయ్యి కిందికి యాలాడుతుంటే అట్లనే చుట్టి కట్టిండు. కట్టు ఇప్పినంక ఎముక అతికింది గని చెయ్యి గట్లనే కిందికి వంగి ఉండిపోయింది. పిడికిలి సగమే పట్టేది. పానా పట్టుకుంటే వేళ్లు జారేటియి.

ఇగ అప్పటిసంది మా షాపుల కొత్త డ్యూటీ మొదలైంది, ఉస్తాద్ చెయ్యిని దాసుడు. ఆయన కుడిచేతుల ఎప్పుడు ఒక గుడ్డపేలిక ఉండేది, నూనె తుడుస్తున్నట్టు. వేళ్లు ముడుచుకోని సంగతి దాంతోటి కనబడకపొయ్యేది. బిగించే పని నాది, చూసే పని ఆయనది. ఆఫీసర్ ఎవలన్న వస్తున్నరంటే బావ లేతు కాడ ఇనుపకడ్డీ ధనామని కింద పడేసేది. ఆ సప్పుడు ఇన్నమంటే ఉస్తాద్ చేతులు ఎన్కకు కట్టుకునేటోడు, నేను పోయి ఆయన ముంగట నిలబడి ఏదో ఒక లొల్లి పెట్టుకునేటోణ్ణి. "గీ బోల్టు గిట్ల పెట్టమని ఎవడు చెప్పిండు?" అని ఆయన అరిచేది, "నువ్వే చెప్తివి" అని నేను అరిచేది. వచ్చిన ఆఫీసరు 'వీళ్లు మంచిగ పనిచేస్తున్నరు' అనుకొని పొయ్యేది. అందరిని అట్లనే దాటిచ్చినం.

గప్పుడు వచ్చింది కప్ప కారు.

దవాఖానకు హైదరాబాద్ నుంచి ఎముకల డాక్టర్ ఒకాయన వచ్చిండు. ఇంకా పడుసు మనిషే. ఆయన కాడ రెండే సీట్ల పాత కారు ఒకటి ఉండె, ఇంగ్లీషోళ్ల దేశంల తయారైన పందాల కారు. నేలకు ఆనుకొని ఉంటది, పైన కప్పు లేదు, ముందట లైట్లు ఉబ్బిన కండ్ల లెక్క. ఎన్నడో ఆకుపచ్చ రంగు ఉండెనట, మా బొగ్గు దుమ్ముల పడి నలుపు తిరిగింది. అది గుంతలల్ల ఎగురుకుంట వస్తుంటే పోరగాళ్లు "కప్పొచ్చె, కప్పొచ్చె" అని ఎన్క ఉరికేది. కొందరు "గీయననే కొత్తగ బోర్డుల కూసుండేది" అనుకునేది. అంటే ఫిట్టా అన్‌ఫిట్టా రాసే చెయ్యి ఆయనదే.

ఒకనాడు మా షాపు పెద్దాఫీసర్ ఇంజనీరు సాబ్ మాట మీద ఆ కారు సీదా మా షాపులకే వచ్చింది. బావ కడ్డీ పడేసిండు. ఉస్తాద్ చేతులు ఎన్కకు పోయినయి. ఊళ్లె ఉన్న మనుషులందరిని ఇడిసిపెట్టి ఈ మనిషే రావాల్నా మా కాడికి?

ఉస్తాద్ కారు చుట్టు తిరిగి చూసి, "ఇది కారా సాబ్, పిల్లలు ఆడుకునే బొమ్మనా?" అన్నడు.

డాక్టర్ సాబ్ నవ్విండు. "బొమ్మే ఉస్తాద్. కానీ నాకున్నది ఇదొక్కటే. ముందు చక్రాలు వణుకుతున్నాయి, చేతులు నొప్పి పుడుతున్నాయి. మీరేమైనా చెయ్యగలరా?"

"ఏమైనా" అన్న మాటకు ఉస్తాద్‌కు రోషమొచ్చింది. "ఇడిసిపెట్టి పోండ్రి" అన్నడు.

ఇప్పి చూస్తే నాలుగు బుష్‌లు నుగ్గు నుగ్గు అయి ఉన్నయి. సామాను ఏడ దొరుకుతది? ఆ కారు బొమ్మనే చూడని ఊరు మాది. అయినా మాకు ఫికర్ లేదు. బాయిల బొగ్గు మోసే బెల్టు ఉంటది, అరిగిపోయి పైన పడేసిన ముక్కలు గుట్టలు గుట్టలు. బావ ఆ బెల్టును గుండ్రంగ కోసి, పేర్చి, లేతు మీద తిప్పి బుష్‌లు చేసిండు. చూస్తే కండ్లకు అద్దుకోవాలె అన్నట్టు ఉన్నయి. మాకొక అలవాటు ఉండె, కీలు అంటే గ్రీజు. బొగ్గు టబ్బుల చక్రాలకు గ్రీజు, పంపులకు గ్రీజు, ఉస్తాద్ అయితే ఇంటి తలుపు బందులకు గూడ షాపు గ్రీజే పెట్టేది. ఈ రబ్బరుకు గూడ నిండ గ్రీజు కూరినం. కారును జాకీ మీద లేపి, చక్రాలు యాలాడుతుంటేనే నట్లు కడక్‌గ బిగించి కిందికి దించినం. ఇనుప బుష్‌లకు మేము ఎన్నేండ్ల సంది గట్లనే చేస్తున్నం, ఏం కాలె.

డాక్టర్ సాబ్ ఒక చక్కరు కొట్టొచ్చి "శభాష్" అన్నడు. మేము మీసాలు తిప్పుకున్నం.

నెల తిరగలె, కప్ప మల్ల వచ్చింది. ఈసారి టక్కు టక్కు లేదు, కిర్రు కిర్రు. లావుపాటి మనిషి నులక మంచంల పొర్లినట్టు. ఇప్పి చూస్తే మా బావ చేసిన అందమైన బుష్‌లు నానిన చింతపండు లెక్క ఉబ్బినయి. అదిగాక ఒక పక్కకు మెలితిరిగి చిరిగినయి. బావ ముఖం చిన్నగ అయింది. ఉస్తాద్ ఒక ముక్క పట్టుకొని వాసన చూసి, "గ్రీజు తాగింది. రబ్బరుకు గ్రీజు విషం. నేనే పెట్టుమన్న" అన్నడు. ఉబ్బుడు సంగతి తెలిసింది. మెలి ఎందుకు తిరిగిందో మాకు తెల్వలె. బెల్టు రబ్బరు కదా, మన్నిక లేదనుకున్నం.

డాక్టర్ సాబ్ మమ్ముల ఒక్క మాట అనలె. బొంబాయిల ఉన్న దోస్తుకు రాసి అసలు బుష్‌లు తెప్పిచ్చిండు. కాగితంల చుట్టిన నాలుగు నల్ల ముక్కలు మా బల్ల మీద పెట్టి, "ఇవి పోతే ఇంక దొరకవు. రేపు మా ఆవిడను తీసుకుని హైదరాబాద్ పోవాలి. ఈ రోజంతా నాకు సెలవే, ఇక్కడే కూర్చుంటా" అన్నడు.

ఈడనే కూసుంటడట! బావ నా దిక్కు చూసిండు, నేను బావ దిక్కు చూసిన. పొద్దంత ఎన్ని కడ్డీలు పడెయ్యాలె?

డాక్టర్ సాబ్ ఒక డబ్బా బోర్లిచ్చుకొని కూసున్నడు. మేము పని మొదలువెట్టినం. కొత్త బుష్‌లు బిర్రుగ ఉన్నయి, లోపటికి పోతలేవు, గ్రీజు పెట్టరాదాయె. "గాజులోడు చేతికి సబ్బు రాసి ఎక్కియ్యడా?" అన్నడు బావ. సబ్బు నీళ్లు పోస్తే జర్రున జారి కూసున్నయి. మంచి దిమాకే ఉన్నది బావకు, ఎప్పుడో ఒకసారి పనిచేస్తది.

ఇగ నేను పానా పట్టుకొని బిగించుతందుకు వంగిన. చక్రం జాకీ మీద యాలాడుతున్నది.

"ఉస్తాద్, ఒకటి అడగొచ్చా?" అన్నడు డాక్టర్ సాబ్. "ఇలా వేలాడుతుండగానే బిగిస్తున్నారు. కింద పెట్టాక ఈ చెయ్యి పైకి లేస్తుంది కదా. అప్పుడు లోపల రబ్బరు ఏమవుతుంది?"

"ఏమైతది సాబ్, రబ్బరాయె, తిరుగుతది."

"రెండు దిక్కులా మీరు నొక్కి పట్టాక ఎక్కడ తిరుగుతుంది? మెలిపడుతుంది. చెయ్యి విరిగినవాళ్లకు మేం పట్టీ వేసేటప్పుడు ఇదే చూస్తాం. మణికట్టు వేలాడుతుండగా కడితే అలాగే అతుక్కుంటుంది, ఇంక పిడికిలి పట్టదు. గ్లాసు పట్టుకున్నప్పుడు చెయ్యి ఎలా ఉంటుందో అలా ఉంచి కట్టాలి. పనిచేసే తీరులో ఉంచి కట్టాలి."

ఆయన ఉస్తాద్ దిక్కు చూడలె. చక్రం దిక్కే చూసుకుంట చెప్పిండు. గని లేతు కాడ ధనామని సప్పుడైంది, బావ కడ్డీ పడేసిండు. ఎవ్వరు వస్తలేరు, అయినా పడేసిండు. ఉస్తాద్ చేతుల గుడ్డపేలిక కదలలె. నాకైతే మా ఊరి ముసలాయన, ఆ ఎదురుబద్దలు, కిందికి యాలాడిన ఆ చెయ్యి కండ్లల్ల తిరిగినయి.

ఉస్తాద్ ఎడమచేత్తోటి సుద్దముక్క తీసిండు. ఇనుప చెయ్యి మీదికెళ్లి చట్రం మీదికి ఒక గీత గీసిండు. "జాకీ దించు" అన్నడు. దించిన. బరువు పడంగనే గీత రెండు ముక్కలైంది, ఒక ముక్క పైకి జరిగింది, వేలెడు మందం. అదే మెలి. మా బెల్టు బుష్‌లు చిరిగిన తీరు కండ్ల ముంగట కనబడ్డది.

"సాబ్ చెప్పింది సహీ" అన్నడు ఉస్తాద్. "దింపినంకనే బిగించాలె."

మా ఉస్తాద్‌ల నాకు నచ్చేది గదే. తప్పు అని తెలిస్తే దాన్ని ఒక నిమిషం గూడ మోయకపొయ్యేది.

దింపినంక బిగించుడు అంటే మాటలా? ఆ కారు కిందికి పిల్లి గూడ దూరదు. లారీల కింద నిలబడి పనిచేసేటందుకు తవ్విన గుంత ఉన్నది గని, కప్ప చక్రాలు దానికి అందవు, నడుమ పడిపోతది. బాయిల పైకప్పు కూలకుండ పేర్చే కట్టె దిమ్మెలు తెచ్చి ముందటి చక్రాల కింద పెట్టి, పలకలు వాలుగ వేసి, కారును తోసి ఎక్కిచ్చినం. కింద ఒక్క మనిషి గోనెసంచి మీద పండుకునేంత జాగ దొరికింది.

నేను దూరబోయిన. ఉస్తాద్ నా భుజం పట్టుకున్నడు. "జరుగు."

"నేను పోత ఉస్తాద్."

"పోయినసారి నువ్వే బిగించినవు."

చూసిండ్రా మాట! బిగించమన్నది ఆయన, బిగించింది నేను, చిరిగింది రబ్బరు, బద్నాం నాకు. నాకు సర్రున కోపమొచ్చింది. లేకుంటే గట్టిగ అడ్డం పడేటోణ్ణే. ఆ కోపంల జరిగిన. ఆయన గుడ్డపేలిక పక్కకు పడేసి, పానా పట్టుకొని కిందికి దూరిండు. ఇప్పుడు ఆలోచిస్తే నాకు అర్థమైతది, ఆయన నా మీద నమ్మకం లేక పోలేదు. డాక్టర్ సాబ్ చెప్పిన మాట ఇని, ఆ చెయ్యిల ఇంక ఏమన్న మిగిలిందా అని తనకు తానే చూసుకోవాలనుకున్నడు.

కారు కింద నుంచి పానా సప్పుడు వస్తున్నది. మొదటి నట్టు బిగిసింది. ఇంకొకటి. లోపటి దిక్కు నట్టు కాడ పానా జారి కింద పడ్డది. మల్ల తీసుకున్నడు. మల్ల జారింది. ఆయన రొప్పుడు పైకి ఇనబడుతున్నది. బావ గట్టిగ మొదలువెట్టిండు, "సాబ్, నాకు ఈ మోకాలు పొద్దుగాల లేస్తే పట్టేస్తది సాబ్, ఎందుకంటరు సాబ్?" అని. డాక్టర్ సాబ్ పాపం ఓపిక తోటి మోకాలు ముచ్చట చెప్పిండు. ఆయన చెవులు బావ దిక్కున్నయా, కారు కిందున్నయా, దేవునికే ఎర్క.

ఉస్తాద్ బయటికి వచ్చిండు. చెమట కారుతున్నది, ముఖం పాలిపోయింది. నా దిక్కు చూసి ఏదో అనబోయిండు. అంతల్నే బావ చప్పట్లు కొట్టి, "అయిపోయింది సాబ్! ఇగ ఎన్కకు తీయొచ్చు, జల్ది తీస్కపోండ్రి!" అని అరిచిండు. సాబ్‌ను తొందరగ సాగనంపాలని ఆయన తొందర. నేను గూడ వంత పాడిన, "తీస్కపోండ్రి సాబ్, ఫస్ట్ క్లాస్ ఉన్నది." డాక్టర్ సాబ్ ఎక్కి కూసున్నడు, తాళం తిప్పిండు, ఇంజను బుర్రుమన్నది, కప్ప పలకల మీదికెళ్లి ఎన్కకు జారుడు మొదలువెట్టింది.

"ఆగుండ్రి సాబ్!"

ఉస్తాద్ కారు ముందటి అద్దాన్ని రెండు చేతుల పట్టుకొని నిలబడ్డడు. ఎడమచెయ్యి గట్టిగ పట్టింది. కుడిచెయ్యి అద్దం మీద వంగి ఆనింది, వేళ్లు మూసుకోలె. గుడ్డపేలిక లేదు. అందరికి కనబడుతున్నది.

"లోపటి నట్టు గట్టిగ పడలె సాబ్. నా చేతుల బలం లేదు. రేపు పక్క సీట్ల అమ్మగారు కూసుంటది."

ఇంజను బందు అయింది. ఇన్నేండ్ల ఉద్యోగం, ఇల్లు, పిల్లలు, అన్నీ ఆ ఒక్క మాటల పెట్టి ఎవని ముంగట పెట్టరాదో ఆయన ముంగటనే పెట్టిండు.

ఎవ్వరు చెప్పకముందే కారును మల్ల దిమ్మెల మీదికి తోసి నేను కిందికి దూరిన. పానా పెట్టి గుంజిన. నట్టు సగం చుట్టు తిరిగింది. కరీంనగర్ చేరకముందే ఊడుతుండె. నట్టు ఊడకుండ చీలపిన్ను వేసి బయటికొచ్చేసరికి డాక్టర్ సాబ్ ఉస్తాద్ చెయ్యి పట్టుకొని వేళ్లు ఒక్కొక్కటి వంచి చూస్తున్నడు.

"ఎవరు కట్టారు?"

"ఊళ్లె సాబ్."

"వేలాడుతుండగా కట్టారు."

"అవ్ సాబ్."

డాక్టర్ సాబ్ ఆ చెయ్యి మెల్లగ ఇడిసిపెట్టిండు. కారు ఎక్కి పోయిండు. గుంతల పడ్డా సప్పుడు రాలె. ఆ పని చూసి ఖుషీ పడే సోయి మా ముగ్గురిల ఎవ్వరికి లేదు.

బావ అందుకున్నడు. "నీ దిమాక్ పని చేస్తున్నదా? ఇన్ని దినాలు కడుపుల పెట్టుకొని కాపాడితే, నువ్వే పోయి చెయ్యి సాపుతవా? నా చెవుల ఒక మాట చెప్తే నేను ఏదో ఒకటి చేస్తుంటి గదా!"

"చెప్దామనే అనుకున్న" అన్నడు ఉస్తాద్. "చెప్పనిస్తిరా? అయిపోయింది అయిపోయింది అని మొత్తుకుంటిరి. బండి కదిలె." పేలిక ఏరుకొని, చూసి, మల్ల కింద పడేసిండు. "లూజు నట్టును ఎట్ల పంపుతరా?"

బోర్డు పిలుపు వచ్చింది. బోర్డుకు పొయ్యేనాడు పొద్దుగాల ఉస్తాద్ ఇంటికి పోయిన. అక్క, అంటే ఆయన భార్య, గడపల కూసున్నది. ముంగట సొరపాదు పందిరి మీదికి పాకి పిందెలు వేసింది. "తమ్మీ, ఇవి కాసేదాకన్న ఉండనిస్తరా?" అని అడిగింది. ఆ పిందెల దిక్కు చూసుకుంట నిలబడ్డ. నాకు ఏడుపొచ్చింది, దాసుడెందుకు.

మాపటికి ఉస్తాద్ షాపుకు వచ్చిండు. ఫిట్టర్ పనికి అన్‌ఫిట్ అని రాసిండ్రు. రాసింది ఆ డాక్టర్ సాబే. బావ మండిపడ్డడు. "కారు బాగుచేస్తే గిదేనా ఇచ్చేది? పోయి ఆ బుష్‌లు గుంజుకొస్త!" అని లేచిండు. నేను గూడ లేచిన.

మేము గేటు దాటకముందే ఇంజనీరు సాబ్ ఎదురొచ్చిండు. "యాడికి పోతున్నరు? ముగ్గురు లోపటికి రాండ్రి" అన్నడు. ఆయన చెప్పిన ముచ్చట ఇది. డాక్టర్ సాబ్ బోర్డు అయిపోంగనే సక్కగ ఇంజనీరు సాబ్ ఆఫీసుకు వచ్చిండట. ఉన్నది ఉన్నట్టే రాసిన, పానా పట్టే చెయ్యి కాదది, అబద్ధం రాయలేను అన్నడట. అటెన్క, "మీ షాపులో పని చేసినవాడే తన పని బాగుందని సంతకం పెడుతున్నాడు. తన నట్టు లూజుగా ఉందని చెప్పే మనిషి ఒకడున్నాడు. అతన్ని ఇంటికి పంపితే రేపు మీకు నిజం ఎవరు చెప్తారు?" అన్నడట. ఇంజనీరు సాబ్‌కు ఒప్పుకోబుద్ధి కాలె, అట్లాంటి పోస్టు లేదన్నడు. డాక్టర్ సాబ్ కుర్చీల నుంచి లేవలేదట. ఒప్పుకునేదాక లేవలె.

గట్ల మా షాపుల చెకింగు పని పుట్టింది. బాయిలకు ఏ సామాను పోవాలన్న ఉస్తాద్ చూసి ఊ అనాలె. మొదట్ల ఆయనకు అది నచ్చలె, "చేతులు కట్టుకొని నిలబడుడు ఒక పనేనా?" అని గునిసిండు. నెల పోయినంక నచ్చింది. ఆయనకు నచ్చినంక మా పాణాలు తీసిండు. గొలుసు చూసేది, నట్టు చూసేది, మా ముఖం చూసేది. ముఖం చూసే పట్టేటోడు. ఆయన వెనక్కి పంపిన సామాను ఎన్నిసార్లు మల్ల బిగించినమో. తిట్టుకుంట బిగించేటోళ్లం. ఆ బాయిల మా తమ్ముడు ఉన్నడు, బావ కొడుకు ఉన్నడు. తిట్టుకుంటనే, గట్టిగ బిగించేటోళ్లం.

గుడ్డపేలిక పోయింది. దాని జాగల ఆయన కుడిచేతుల మా చిరిగిన బెల్టు బుష్ ఒకటి వచ్చింది. పొద్దంత పిసుకమని డాక్టర్ సాబ్ చెప్పిండు. ఎవ్వరు వచ్చినా దాసకుండ అందరి ముంగట పిసికేది. సొరకాయలైతే ఆ ఏడు మా ఇంటికి గూడ వచ్చినయి.

ఇగ ఆఖరి ముచ్చట. ఏడాది తిరిగినంక కప్ప కారు ఇంకేదో పనికి మా షాపుకు వచ్చింది. చక్రం ఇప్పి మల్ల వేసింది నేనే. డాక్టర్ సాబ్ దవాఖానకు పోవాలని తొందర మీద ఉన్నడు, ఎక్కి కూసున్నడు. ఉస్తాద్ నిమ్మలంగ వచ్చి, ముందట బంపర్ మీద చెయ్యి పెట్టి రెండుసార్లు అదిమి, చెవి పెట్టి ఇన్నడు.

"అన్‌ఫిట్ సాబ్" అన్నడు.

చక్రం నట్టు గట్టిగనే ఉండె. నేను బిగించిన నట్టు అది, నాకు తెల్వదా? ఈనాటికి గదే చెప్త. షాపుల ఎవ్వరు నా మాట ఇనలె. డాక్టర్ సాబ్ గూడ ఇనలె. కారు దిగిండు, తాళం తీసి ఉస్తాద్ కుడి అరచేతుల పెట్టిండు, పోయి డబ్బా బోర్లిచ్చుకొని కూసున్నడు.

ఉస్తాద్ వేళ్లు తాళం మీద మెల్లగ మూసుకున్నయి. నేను పానా తీసుకున్న.